తలుపు మూసినవారెవ్వరు?



ఒక పిల్లవాడు చెడిపోయెనని వినగానే మన నోట మొదట వచ్చు మాట "తల్లి పెంపకము" అనునది. తండ్రి యెట్టివాడో, బడి యెట్టిదో, వీధి యెట్టిదో విచారింపము. ఆ దోషమంతయు తల్లి యొడిలోనే పుట్టినట్లు తీర్పు చెప్పి, మన పనిలో మనము పడుదుము. ఇతరుల నాక్షేపించుటకై ఇట్లు వ్రాయుటలేదు. నేనును ఆ మాట అనినదాననే. మా వీధి చివర నుండు పదునాలుగేండ్ల బాలుడొకడు బడి మానివేసి, తనకంటె పెద్దవారగు కుర్రవాండ్ర వెంట తిరుగుచు, ఒకనాటి రాత్రి కొట్లాటలో చేయి విరిగి ఇల్లు చేరెను. మరునాటి ఉదయమున పొరుగింటి అక్కయ్యగారితో నేననిన మాట అదియే. మావారు ఉపాధ్యాయులు. వసారాలో కూర్చుండి ఆ మాట వినియు అపుడేమియు ననలేదు. ఆదివారమునాడు మాత్రము నన్ను పిలిచి, "ఒక చిత్రము చూపెదను. చూచిన పిమ్మట నీ తీర్పు మరల చెప్పుము" అనిరి.

అది కల్పితకథ కాదు. జరిగినదానిని జరిగినట్లు చూపు డాక్యుమెంటరీ చిత్రము. పేరు "క్రిప్స్ అండ్ బ్లడ్స్: మేడ్ ఇన్ అమెరికా". 2008 లో వెలువడినది. తీసినవాడు స్టేసీ పెరాల్టా. కథనము వినిపించినవాడు ఫారెస్ట్ విటేకర్ అను ప్రసిద్ధ నటుడు. నాకు వచ్చిన ఇంగ్లీషు కొద్దిపాటిదగుటచే, మావారు అక్కడక్కడ చిత్రమును నిలిపి అర్థము చెప్పిరి. నాకు తెలియని సంగతులను తరువాత వారి పుస్తకములనుండి చదివి వినిపించిరి. ఆ రెండు విధముల తెలిసికొన్నదానిని మీకు విన్నవించుచున్నాను.

అమెరికా దేశపు పడమటి తీరమున లాస్ ఏంజలీస్ అను మహానగరము కలదు. హాలీవుడ్ అనబడు చలనచిత్రముల పేట అక్కడిదే. ఆ వైభవమునకు కొన్ని మైళ్ల దూరముననే, నగరపు దక్షిణభాగమున, నల్లజాతివారు దట్టముగా నివసించిన వాడలున్నవి. ఆ వాడలలో పుట్టినవే క్రిప్స్ అనియు బ్లడ్స్ అనియు పేరుబడిన ముఠాలు. మొదటివారి గుర్తు నీలిరంగు, రెండవవారిది ఎఱుపు. ఒక వీధివాడు వేఱొక వీధిలో అడుగు పెట్టినచో ప్రాణముతో తిరిగి వచ్చునను నమ్మకము లేకుండెను. 1992 లో ఆ ఒక్క జిల్లాయందే ముఠా తగవులలో సుమారు ఎనిమిది వందల మంది హతులైరి. చంపినవారును చచ్చినవారును పెక్కుమారులు ఒకే జాతివారు, ఒకే పేదరికమువారు, ఒకే బడిలో చదివినవారు. వీరికి వారిపై ఇంత పగ యేల? చిత్రము విచారించు ప్రశ్న ఇదియే.

చిత్రములో కొందరు పెద్దవారు తమ బాల్యమును జెప్పుదురు. అది 1950 ప్రాంతపు మాట. తెల్లవారి పిల్లలవలె తామును స్కౌటుదళము వంటి బాలసంఘములలో చేరవలెనని, ఆ దుస్తులు ధరింపవలెనని వారు ముచ్చటపడిరట. వారి మేనిరంగు చూచి చేర్చుకొనరైరి. పిల్లవానికి జతగాండ్రు లేక గడవదు గదా! అందుచే వారు తమకు తామే సంఘములు కట్టుకొనిరి. తెల్లజాతి కుర్రవాండ్రు గుంపుగా వచ్చి కొట్టునపుడు ఆ సంఘమే వారికి అండ. నాటి తగవులు ఎక్కువగా పిడికిళ్లతోనే తీరెడివి. నేటి ముఠాలకు వేళ్లు ఎక్కడ ఉన్నవని వెదకినచో, మూయబడిన ఆ చిన్న తలుపునొద్ద ఒక వేరు కనబడును.

ఈ ఘట్టము చూచునపుడు ఆదిపర్వములోని కుమారుల విద్యాప్రదర్శనము నాకు జ్ఞప్తికి వచ్చెను. కర్ణుడు రంగమధ్యమున నిలిచి తన విద్య జూపి, అర్జునునితో పోరుటకు అనుమతి కోరెను. అపుడు కృపాచార్యుడు అతని వంశమడిగెను. కర్ణుడు తల వంచుకొనెను. ధర్మమెఱిగిన పెద్దలెందరో ఆ సభలో నుండిరి. ఒక్కరును ఆ యువకునకు పీట వేయలేదు. వేసినవాడు దుర్యోధనుడు. ఆ పీటకు బదులుగా కర్ణుడు తన విద్యను, తుదకు ప్రాణమును చెల్లించెను. మనమీ కథ చెప్పుకొనునపుడు బిడ్డను నీట విడిచిన కుంతిని తప్పక నిందింతుము. కృపాచార్యుని ప్రశ్నను మాత్రము తప్పుగా నెంచము. అక్కడను తల్లియే దోషి!

ఇక ఆ వాడలు అట్లగుటకు కారణములు వినుడు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఓడలు, విమానములు నిర్మించు కర్మాగారములు లాస్ ఏంజలీస్ ప్రాంతమున వృద్ధిచెందినవి. యుద్ధపరిశ్రమలలో వర్ణభేదము పాటింపరాదని 1941 లో అధ్యక్షుడు రూజ్‌వెల్టు ఉత్తరువు చేసెను. అంతట టెక్సాసు, లూసియానా మొదలగు దక్షిణ రాష్ట్రములలో అవమానములు పడలేక నల్లజాతి కుటుంబములు పనికొఱకు అక్కడికి తరలివచ్చినవి. 1940 లో ఆ నగరమున సుమారు 64 వేలుగా నున్న వారి సంఖ్య 1950 నాటికి 1 లక్షా 70 వేలు దాటెను.

పని దొరకినది గాని ఇల్లు దొరకలేదు. నగరమున పెక్కు ఇండ్ల దస్తావేజులలో ఈ ఇంటిని నల్లజాతివారికి అమ్మరాదు, అద్దెకీయరాదు అను షరతు వ్రాయబడియుండెను. అట్టి షరతులను న్యాయస్థానములు అమలుపరుపరాదని 1948 లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అయినను ఇండ్ల బేరగాండ్రును, అప్పులిచ్చు బ్యాంకులును పాత కట్టుబాటునే నడపిరి. గృహవిక్రయమున భేదము కూడదని 1963 లో కాలిఫోర్నియా రాష్ట్రము చట్టము చేయగా, మరుసటి యేటనే ఆ రాష్ట్రప్రజలు ఓటువేసి దానిని కొట్టివైచిరి. ఆ ఓటు చెల్లదని న్యాయస్థానములు తరువాత తేల్చినవి, అప్పటికే ఆలస్యమైనది. అలమీడా అను వీధి కోటగోడవలె నిలిచెను. ఈవల నల్లవారి పేటలు. ఆవల సౌత్‌గేట్ మొదలగు తెల్లవారి పట్టణములు. ఆ వీధి దాటిన బాలుని కుర్రవాండ్రు కొట్టుటయు, పోలీసులు నిలిపి ప్రశ్నించుటయు నిత్యకృత్యములు.

1965 ఆగస్టు 11వ తేదీ సాయంకాలమున, వాట్స్ అను పేట సమీపమున, కారు నడుపుచున్న ఒక నల్లజాతి యువకుని పోలీసులు నిలిపిరి. ఇల్లు దగ్గరనే యగుటచే తల్లియు అక్కడికి వచ్చెను. మాట మాట పెరిగి, తుదకు తల్లిని, ఇద్దరు కుమారులను పట్టుకొనిపోయిరి. చుట్టును గుమిగూడినవారి కోపము రగిలెను. ఆరు దినములు పేట మండిపోయెను. 34 మంది చనిపోయిరి. వేయిమందికి పైగా గాయపడిరి. ఒక్క యువకుని కొఱకు ఇంత మంట పుట్టదు. ఇరువదేండ్లుగా ఇంటింట అణచిపెట్టిన దుఃఖము ఆనాడు బయటపడెను.

ఆ మంటలు చల్లారిన పిమ్మట కొంతకాలము మంచి ఆశ తోచెను. పాత సంఘముల యువకులనేకులు తమలో తాము కొట్టుకొనుట మాని, తమ హక్కులకొఱకు పనిచేయు రాజకీయ సంఘములలో చేరిరి. వానిలో బ్లాక్ పాంథర్ పార్టీ ముఖ్యమైనది. ప్రభుత్వపు గూఢచారులు ఆ సంఘములను ఛిన్నాభిన్నము చేయ యత్నించిరి. సంఘములలోను పరస్పరము పగలు పెరిగినవి. 1969 జనవరి 17వ తేదీన విశ్వవిద్యాలయపు ఆవరణముననే ఆ పార్టీ నాయకులిద్దరు కాల్చి చంపబడిరి. మిగిలినవారిలో కొందరు చెఱసాలల పాలైరి. వెనుక వచ్చు తమ్ములకు దారి చూపు అన్నలు లేకపోయిరి.

ఆ శూన్యములోననే క్రిప్స్ పుట్టినది. దానిని నెలకొల్పిన రేమండ్ వాషింగ్టన్, స్టాన్లీ విలియమ్స్ అనువారు అప్పటికి మీసకట్టు తెలియని కుర్రవాండ్రు. వారి బలమునకు వెఱచిన ఇతర వీధులవారు 1972 ప్రాంతమున ఏకమై బ్లడ్స్ అయిరి. పిడికిళ్ల స్థానమున తుపాకులు వచ్చినవి. వాషింగ్టన్ 1979 లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, కాల్చి చంపబడెను. నాలుగు హత్యల నేరమునకు శిక్షితుడైన విలియమ్స్, ముఠాలలో చేరవలదని చెఱనుండియే పిల్లలకు పుస్తకములు వ్రాసెను. 2005 లో అతనికి మరణదండన జరిగెను.

అంతలో తండ్రుల పనులు పోయినవి. సౌత్‌గేట్‌లోని ఫైర్‌స్టోన్ టైర్ల కర్మాగారము 1980 లో మూతపడెను. జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారము 1982 లో మూతపడెను. ఇట్టివి ఇంకను అనేకములు. ఇరువదేండ్లు ఒకేచోట పనిచేసి ఇల్లు నిలిపిన పురుషుడు ఉదయమున పోవుటకు చోటులేక గుమ్మమున కూర్చుండినపుడు ఆ ఇంటి బిడ్డ ఏమి నేర్చుకొనును? అదే కాలమున క్రాక్ అను మత్తుపదార్థము వీధులలో ప్రవేశించెను. పని ఇయ్యని వీధి కుర్రవానికి ఈ పాపపు వ్యాపారమిచ్చెను. వ్యాపారము కొఱకు వీధిని కాచుకొనవలెను. వీధిని కాచుకొనుటకు తుపాకి కావలెను. పగకు ఈ విధముగా సొమ్ము తోడయ్యెను.

దీనిని అణచుటకు చేసిన చట్టమును చూడుడు. 1986 నాటి శాసనము ప్రకారము, పొడిరూపమున నున్న కొకెయిన్ 500 గ్రాములు అమ్మినవానికి ఎంత కనీస శిక్షయో, పేదల వాడలలో అమ్ముడుపోవు క్రాక్ 5 గ్రాములకే అంత శిక్ష. అది ఐదేండ్ల చెఱ. ఒకే మందునకు రూపము మారినంతనే నూరింతల భేదము! 2010 లో దానిని పదునెనిమిదింతలకు తగ్గించిరి. కాలిఫోర్నియా రాష్ట్రము 1984 తరువాత ఇరువదికి పైగా క్రొత్త చెఱసాలలు కట్టించెను. కర్మాగారములు మూతపడిన కాలముననే ఆ తలుపులు తెఱువబడినవి. తండ్రులు, అన్నలు అందులోనికి పోయిరి. ఇండ్లలో మిగిలినవారు తల్లులును అమ్మమ్మలును. అట్టి ఇంటినుండి వెలువడిన బాలుని జూచి, "తల్లి పెంపకము" అని లోకమనెను!

చిత్రములో నన్ను కలచివేసినది హత్యల కథ కాదు. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లుల ముఖములు. ఒకరి తరువాత ఒకరు తెరమీదికి వత్తురు. ఎక్కువ మాటలు లేవు. కన్నీరు మాత్రము కారుచుండును. నీలిరంగు వాని తల్లి ఎవరో, ఎఱ్ఱరంగు వాని తల్లి ఎవరో చూచువారికి తెలియదు. తిక్కనగారి స్త్రీపర్వము చదివిన సోదరీమణులు నా మాట గ్రహింతురు. యుద్ధభూమిలో ఏడ్చు స్త్రీలలో కౌరవుల పక్షమువారు, పాండవుల పక్షమువారు అని వేఱుచేసి చూడగలమా? మావారు చిత్రము నిలిపిరి. నేను లేచి లోపలికి పోయి, కొంతసేపటికి తిరిగి వచ్చితిని.

ఇంత చెప్పితిని గదా యని హత్య చేసినవానిని నిర్దోషి యందునా? అనను. దుర్యోధనుడు పీట వేసెనని, ద్రౌపదిని నిండుసభలో కర్ణుడు పలికిన పలుకులను క్షమింపలేము. అదే వాడలో, అవే కష్టములు పడి, తుపాకి ముట్టని బాలురే ఎక్కువమంది. ఎవని చేతికి వాడే ఉత్తరవాది. అయినను ఒక వీధిలో ఒకడు చెడినచో వాని స్వభావమనవచ్చును. వీధి తరువాత వీధి, తరము తరువాత తరము చెడుచున్నచో స్వభావమని చేతులు దులుపుకొనుట న్యాయము కాదు.

తలుపు తెఱచినచో ఏమగునో తెలుపు కథ కూడ ఆ వాడలలోనే కలదు. తల్లిని పోగొట్టుకొన్న రాల్ఫ్ బంచ్ అను నల్లజాతి బాలుని అతని అమ్మమ్మ 1917 ప్రాంతమున లాస్ ఏంజలీస్ నగరపు దక్షిణభాగమునకు తీసికొనివచ్చెను. బడిలో అతనిని చేతిపనులు నేర్పు తరగతిలో వేయగా, ఆ ముదుసలి స్వయముగా పోయి, తన మనుమడు పై చదువులు చదువవలసినవాడని పట్టుబట్టి తరగతి మార్పించెను. 1922 లో అతడు జెఫర్సన్ ఉన్నత పాఠశాలలో మొదటివాడుగా నిలిచెను. అయినను ఉత్తమ విద్యార్థుల సంఘమున రంగు చూచి చేర్చుకొనలేదు. ఆ బాలుడే పెద్దవాడై ఐక్యరాజ్యసమితి పక్షమున 1949 లో ఇస్రాయేలుకును ఈజిప్టు మొదలగు అరబ్బు దేశములకును యుద్ధవిరమణ కుదిర్చి, 1950 లో నోబెల్ శాంతి బహుమానము పొందెను.

ఇంతటితో కథ ముగియలేదు. 1992 ఏప్రిల్ చివర వాట్స్ పేటలోని నాలుగు ప్రభుత్వ గృహసముదాయముల ముఠాలు పగ మాని సంధి చేసికొనదలచినవి. సంధి యెట్లు వ్రాయవలెనో తెలియక వెదకి, వారు మాదిరిగా తీసికొన్నది 1949 నాటి ఈజిప్టు-ఇస్రాయేలు విరమణ పత్రమును. ఒక అమ్మమ్మ పట్టుదలతో చదివిన మనుమడు కుదిర్చిన శాంతిపత్రము, నలువదిమూడేండ్లకు, అతడు పెరిగిన నగరభాగమునకే ఉపయోగపడెను! ఆ సంధి జరిగిన ఒకటి రెండు దినములకే, ఒక నల్లజాతి వానిని కొట్టిన పోలీసులు నిర్దోషులని తీర్పు వచ్చి నగరము మరల మండెను. అరువదిమందికి పైగా చనిపోయిరి. అయినను వాట్స్ సంధి కొన్నేండ్లు నిలిచి, అక్కడి హత్యలు తగ్గినవి.

ఆ యేడే ఆ వాడల తల్లులు "మదర్స్ రిక్లెయిమింగ్ అవర్ చిల్డ్రన్" అను సంఘము స్థాపించిరి. మా బిడ్డలను మేము తిరిగి పొందుదుమని దాని భావము. వారు న్యాయస్థానములకు పోయి, పట్టుబడిన బాలుర విచారణ జరుగునపుడు వెనుక వరుసలలో కూర్చుండిరి. తన బిడ్డయా, పరుల బిడ్డయా యని చూడరైరి. ఈ బాలునకు ఎవరో కలరని న్యాయాధిపతికి తెలియవలెనుగదా! కొన్నేండ్లకు నగరపాలకులును కన్నులు తెఱచిరి. 2008 నుండి వేసవి రాత్రులందు ఉద్యానవనములలో దీపములు వెలిగించి, ఆటలు, భోజనము ఏర్పరచుచు వచ్చిరి. చీకటిపడిన పిమ్మట బాలురు పోవుటకు వీధిగాక వేఱొక చోటు కలిగెను. 1992 లో వేయికి మించిన నగరపు హత్యలు 2010 నాటికి మూడు వందల లోపునకు దిగినవి. కారణములు పెక్కులుండవచ్చును, ఈ దీపములకును అందులో పాలున్నదని నా నమ్మకము.

చిత్రము చూచిన మరునాడు మావారు నా తీర్పు అడుగలేదు. నేనే చెంగున నాలుగు అరటిపండ్లు కట్టుకొని వీధి చివరి ఇంటికి పోయితిని. ఆ తల్లి అప్పుడే రెండిండ్లలో అంట్లు తోమి వచ్చి, కొడుకునకు అన్నము కలిపి పెట్టుచుండెను. తండ్రి పనికై దూరదేశము పోయి రెండేండ్లయినదట. డబ్బు పంపుట నిలిచి కొన్ని నెలలైనదట. వెనుకటి యేడు ఆ బాలుడు వేఱొక పాఠశాలలో చదువుచుండగా, జీతము కట్టలేదని పరీక్షనాడు తోడిపిల్లలందరు చూచుచుండగా గేటు బయట నిలువబెట్టిరట. ఆ దినమున గేటునొద్దకు వచ్చి వానికి టీ ఇప్పించి, బండిమీద ఎక్కించుకొనిపోయినవారు ఆ పెద్ద కుర్రవాండ్రు.

"వాండ్రు మంచివాండ్రు కారని నాకు తెలియదా అమ్మగారూ! ఆనాడు వానిని పలుకరించినవారు మఱి యెవ్వరున్నారు?" అని ఆమె అడిగెను. నాకు సమాధానము తోచలేదు. పొరుగింటి అక్కయ్యగారితో నేననిన మాట ఆమె చెవిని పడియుండునేమో యని సిగ్గుతో తల వంచుకొంటిని.

ఇప్పుడా బాలుడు సాయంకాలములందు మా వసారాకు వచ్చి మావారియొద్ద లెక్కలు చెప్పించుకొనుచున్నాడు. వచ్చిన దినములున్నవి, రాని దినములున్నవి. రాని దినమున మావారు మనిషిని పంపుదురు. వచ్చిన దినమున మా పిల్లలతోపాటు వానికిని పీట వేసి ఇంత అన్నము పెట్టుచున్నాను. వాడు బాగుపడునని ప్రతిజ్ఞ చేయజాలను. మా వసారా ఒక్కటియే వానిని నిలుపజాలదనియు ఎఱుగుదును. వానిని తిరిగి చేర్చుకొను బడి కావలెను, వాని తండ్రికి ఉన్న ఊరిలోనే పని కావలెను. బడి సంగతి మావారు ప్రయత్నించుచున్నారు.

అక్కలారా, చెల్లెండ్రారా! ఇకముందు మీ వీధిలో ఒక బాలుడు చెడు సహవాసమున పడెనని వినినపుడు, వాని తల్లిని తూలనాడుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుడు. వానికి తలుపు మూసినవారెవ్వరు? ఆ తలుపులలో మనది కూడ ఒకటి యైనచో, దానినైనను ముందుగా తెఱుతుము గాక!